సవరణ: మొదటి ట్రైనర్ విమానం బరువు గురించి

రేడియో కంట్రోల్ విమానం కొత్తగా నేర్చుకునేవారికి బరువైన ట్రైనరే (నేర్చుకోవడానికి వాడే విమానమే) మేలని, అది గాలికి చెదరదని ఇంతకుముందు రాశాను. అది పొరపాటు, ఆ మాట నమ్మి కొన్నవారు నన్ను క్షమించాలి. చూడవలసింది మొత్తం బరువొక్కటే కాదు, రెక్క వైశాల్యంలో ప్రతి చదరపు డెసీమీటరుకు ఎంత బరువు పడుతుందన్నది. అదే రెక్కపై బరువు రెట్టింపైతే, విమానం గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం సుమారు 1.4 రెట్లవుతుంది, అంటే దిగేటప్పుడు అంత వేగంగానూ నేలను సమీపిస్తుంది, కొత్త చేతికి సర్దుకునే వ్యవధి తగ్గిపోతుంది. నా బరువైన విమానాన్ని నెమ్మదిగా దించబోతే, మోకాలెత్తున ఉండగా ఎడమ రెక్క ఒక్కసారిగా వాలి, ప్రొపెల్లర్ విరిగి ముక్కు మట్టిలో గుచ్చుకుంది. కనుక తేలికైన ఫోమ్ విమానాన్నే ఎంచుకుని, గాలి బలంగా వీచే రోజున ఎగరేయడం మానుకోండి. రెక్క విమానం పైభాగాన ఉండాలన్న నా సూచనలో మాత్రం మార్పు లేదు.