కేంద్రక సంలీనం గారికి ఒక బిల్లుదారుడి ఉత్తరం

మహారాజశ్రీ కేంద్రక సంలీనం గారి సముఖమునకు,

నెలనెలా కరెంటు బిల్లు కట్టే ఒక సామాన్యుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తేలిక కేంద్రకాలను కలిపి సూర్యుడిలా శక్తి పుట్టించే మీరు, మా ఇళ్లకు కరెంటై వస్తున్నారన్న కబురు తాతల నాటిది. 1955లో జెనీవా అణుశక్తి మహాసభకు అధ్యక్షత వహిస్తూ మన హోమీ భాభా గారు, మిమ్మల్ని అదుపు చేసే ఉపాయం రెండు దశాబ్దాల్లో దొరుకుతుందని చెప్పారు. అంటే 1975కల్లా. అంతటి మనిషి మాట కూడా మీరు నిలబెట్టలేదు. సరే, పెద్దవాళ్లకు పనులుంటాయి, ఆలస్యానికి నేనేమీ అనను. నా పేచీ లెక్క దగ్గర.

2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో 192 లేజర్లు కలిసి 2 మిల్లీమీటర్ల ఇంధన గుళికను పేల్చాయి. కాంతి రూపంలో 2.05 మెగాజౌళ్లు (మెగా అంటే పది లక్షలు) పోస్తే 3.15 వచ్చాయి. పెట్టినదానికన్నా ఎక్కువ వచ్చిందని లోకమంతా పండగ చేసుకుంది. నేనూ చేసుకున్నాను. తర్వాత కూర్చుని యూనిట్లలోకి మార్చి చూశాను. 36 లక్షల జౌళ్లు ఒక యూనిట్టు కదా. తమరు అనుగ్రహించింది 0.87 యూనిట్టు! అదీ వేడి రూపంలో. కరెంటుగా మార్చేసరికి అందులో సగం పైగా గాలికే పోతుంది. ఆ లేజర్లు వెలగడానికి గ్రిడ్ నుంచి లాగింది మాత్రం సుమారు 300 మెగాజౌళ్లు, అంటే 83 యూనిట్లు. ప్రయోగశాల వారు ఇది దాచలేదు, అడిగినవాళ్లకు చెప్పారు. గుళికను చేరిన కాంతి దగ్గర నుంచి లెక్క మొదలుపెడితే లాభం రాక ఏమవుతుంది? మీటరు నాకు నచ్చిన చోట బిగించుకోనిస్తే నా బిల్లూ సున్నాయే.

దక్షిణ ఫ్రాన్సులో మీకోసం కడుతున్న ఐటర్ అనే అంతర్జాతీయ ప్రయోగ రియాక్టరు సంగతీ చూస్తున్నాం. అందులో మన వాటా కూడా ఉంది. దాన్నంతా చుట్టి చలిని నిలిపి ఉంచే 30 మీటర్ల ఎత్తు ఉక్కు పాత్ర, క్రయోస్టాట్‌ను గుజరాత్‌లోని హజీరాలో చేసి, ముక్కలుగా ఓడల్లో పంపాం. మీరు మాత్రం 2025 అన్నారు. 2024లో ఆ మాట మార్చి, ప్రయోగాలు 2034లో, అసలు ఇంధనం 2039లో అన్నారు. ఇంత చేసినా అక్కడ ఒక్క టర్బైనూ ఉండదట, కరెంటు తీయడం దాని పనే కాదట.

ఒక్కచోట మాత్రం దణ్ణం పెడతాను. లోపల ప్లాస్మా అనే విద్యుదావేశ వాయువు 15 కోట్ల డిగ్రీలు, కొద్ది మీటర్ల అవతల దాన్ని పట్టి ఉంచే అయస్కాంతాల నియోబియం-టిన్ తీగచుట్టలు మైనస్ 269 డిగ్రీలు. ఆ రెండింటినీ పక్కపక్కన కాపురం చేయించే ఇంజనీర్ల ఓపికకు వంక పెట్టలేం.

ఆ తీగలు మీ జామీనుదారు, నిరోధం లేకుండా కరెంటును పోనిచ్చే అతివాహకం గారివే కదా. ఆయన వరసా మీ వరసే. 1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో ఆయన్ను తొలిసారి చూసిందీ మైనస్ 269 దగ్గరే. శతాబ్దం దాటినా ఐటర్‌లో ఆయనకు అదే చలి కావాలి, ఆ చలికీ కరెంటు కావాలి. 2023లో గది వేడిలోనే దొరికారని కొరియా నుంచి ఎల్‌కే-99 పేరుతో కబురొచ్చింది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వాళ్లు వండి చూస్తే ఆయన జాడే లేదు.

ఇన్నీ తెలిసి కూడా 2023లో మైక్రోసాఫ్ట్ వాళ్లు హీలియన్ అనే కంపెనీతో, 2028 నుంచి మీ కరెంటు 50 మెగావాట్లు కొంటామని ఒప్పందం రాసుకున్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇట్లు,
తమ రాకకై ఎదురుచూసే వినియోగదారుడు

తా.క. మీకు ఇంధనం సముద్రపు నీళ్లేనని మీ మనుషులు చెబుతుంటారు. బరువైన హైడ్రోజన్ అయిన డ్యూటీరియం వరకు నిజమే. ఐటర్‌కు కావలసిన రెండోది, ఇంకా బరువైన హైడ్రోజన్ ట్రిటియం, సముద్రంలో ముంచుకుంటే రాదు. ఇప్పుడున్న నిల్వలో ఎక్కువ భాగం కెనడా భారజల రియాక్టర్ల నుంచి, అంటే కేంద్రకాలను చీల్చే మీ దాయాది విచ్ఛిత్తి గారి ఇంటి నుంచే వచ్చింది. అది 12.3 ఏళ్లకు సగమైపోతుంది. ఈసారి వాయిదా వేసే ముందు అది కూడా ఒకసారి చూసుకోగలరు.