ఒప్పందపత్రం కప్పుకొని పడుకోవాలా?

చలి ముదిరితే చాలు, తంతు మొదలవుతుంది. ఫుట్‌పాత్‌ మీది మనుషులను వ్యానెక్కించడం, దుప్పట్లు పంచుతూ ఫొటోలు దిగడం, నిరాశ్రయుల షెల్టర్ల నిర్వహణకు ఏదో ఒక స్వచ్ఛంద సంస్థతో ‘భాగస్వామ్య ఒప్పందం’ (ఎంవోయూ) మీద సంతకాలు చేయడం! పెద్దలెవరైనా వస్తున్నారంటే చలి దాకా ఆగే పనీ ఉండదు. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్‌లో భిక్షాటనను నిషేధించి, దొరికినవారిని జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించిన వైనం పాఠకులకు గుర్తే.

ప్రభుత్వం ఒక్కటే అన్నీ చేయలేదు, సేవాసంస్థలూ కలిసి రావాలన్న వాదనను కాదనం. కానీ చట్టం సర్కారు నెత్తిన పెట్టిన పనిని ఎంవోయూ పేరిట మరొకరి నెత్తికి మార్చడాన్ని భాగస్వామ్యం అనరు. చేతులు దులుపుకోవడం అంటారు.

చట్టంలో అస్పష్టతేమీ లేదు. మానసిక అనారోగ్యంతో, తన బాగోగులు చూసుకోలేని స్థితిలో వీధుల్లో తిరుగుతున్న వ్యక్తిని పోలీసులే రక్షణలోకి తీసుకోవాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షన్‌ చెబుతోంది. 24 గంటల్లో ప్రభుత్వాసుపత్రిలో చూపించాలి. లాకప్‌లో పెట్టకూడదు. చేర్చుకోవాల్సిన అవసరం లేదని వైద్యుడు తేల్చితే, ఇల్లు లేని మనిషిని ప్రభుత్వ నిరాశ్రయుల కేంద్రానికి చేర్చాల్సిందీ పోలీసులే. తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్‌ కట్టి కుటుంబాన్ని వెతకాలి. నిరాశ్రయులకు పేదరిక (బీపీఎల్‌) కార్డు ఉన్నా లేకున్నా సర్కారు దవాఖానాలో మానసిక చికిత్స ఉచితమని 18వ సెక్షన్‌ హామీ ఇస్తోంది.

ఆచరణలో జరిగేది వేరు. క్యాజువాల్టీలో మొదటి ప్రశ్న ‘వెంట ఎవరొచ్చారు?’, రెండోది ‘ఆధారేది?’. కానిస్టేబుల్‌కు డ్యూటీ మారే వేళవుతుంది. ఒక ఇంజెక్షన్‌, చీటీ మీద రెండు వారాల మాత్రలు, పంపించేయడం. షెల్టర్‌కు తీసుకెళ్తే ‘ఇలాంటి కేసులు మాకొద్దు’ అంటారు. తెల్లారేసరికి ఆ మనిషి మళ్లీ బస్టాండ్‌ అరుగు మీదే, ఓపీ చీటీ చొక్కా జేబులో. ఎఫ్‌ఐఆర్‌ సంగతి ఎవరికీ పట్టదు.

షెల్టర్‌ కేర్‌టేకర్‌ను తిట్టి ప్రయోజనం లేదు. ఈ షెల్టర్లకు నిధులిచ్చిన కేంద్ర పథకం ‘జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌’ మార్గదర్శకాల ప్రకారం 50 మంది ఉండే కేంద్రం నిర్వహణకు దక్కింది ఏడాదికి రూ.6 లక్షలు. అంటే నెలకు రూ.50 వేలు, మనిషికి రోజుకు రూ.33. అందులోనే ఒక మేనేజర్‌, మూడు షిఫ్టులకు ముగ్గురు కేర్‌టేకర్ల జీతాలు, కరెంటు, నీళ్లు, ఫినాయిల్‌. నర్సు ఊసే లేదు. ఆ బిల్లులైనా నెలల తరబడి ఆగితే సంస్థ ముందుగా కోసేది రాత్రి షిఫ్టునే. సరిగ్గా పోలీసు బండి వచ్చే వేళలోనే తలుపు తీసే దిక్కుండదు. డబ్బివ్వకుండా, డాక్టర్‌ను పంపకుండా ‘మా భాగస్వామి’ అని పిలవడానికి నోరెలా వస్తుంది?

మద్యానికి అలవాటుపడినవారిది మరో గతి. ‘తాగితే ప్రవేశం లేదు’ అని బోర్డు రాసి పెడితే పనైపోదు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా మందు ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్‌ రావచ్చు. ఆ తర్వాత ఒళ్లంతా వణుకు, సంధి మాటలు, లేనివి కనిపించడం. అది ప్రాణాంతకం. థయామిన్‌ (బి1 విటమిన్‌), తగిన మందులతో ఆసుపత్రిలోనే దాటించాల్సిన గండాన్ని ‘నాటకాలాడుతున్నాడు’ అని బయటకు గెంటి దాటిస్తున్నారు. మానసిక వ్యాధులకు రోజూ వేసుకోవాల్సిన మాత్రలు దాచుకునే చోటు లేనివారికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి చేసే ఇంజెక్షన్లున్నాయి. కానీ ఎవరికి ఏ తేదీన గడువో రాసే రిజిస్టర్‌ ఒకటి ఉండాలి, ఆ తేదీన నర్సు రావాలి. ఎంవోయూలో ఈ రెండు వాక్యాలు ఎందుకుండవు?

లక్ష జనాభాకు ఒక షెల్టర్‌ అన్నది ప్రమాణం. 2011 లెక్కల ప్రకారం 67 లక్షల పైచిలుకున్న గ్రేటర్‌ హైదరాబాద్‌కు అప్పటికే 67 కావాలి. దాని దరిదాపులకైనా చేరలేదు. ఈలోగా 2024 సెప్టెంబరుతో మిషన్‌ గడువే ముగిసింది. కొత్త పథకం వచ్చేదాకా పాతది నడుపుతారా అని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని అడగాల్సి వచ్చింది.

అసలైన భాగస్వామ్యం ఎలా ఉంటుందో తమిళనాడులో చూడవచ్చు. అక్కడ ప్రభుత్వాసుపత్రుల ప్రాంగణాల్లోనే నిరాశ్రయ మానసిక రోగుల సంరక్షణ కేంద్రాలు పెట్టారు. కోలుకున్నాక పోవడానికి ఇల్లు లేనివారి కోసం బన్యన్‌ అనే స్వచ్ఛంద సంస్థ మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని నలుగురైదుగురిని కలిపి ఉంచుతోంది. వండుకుంటారు, బజారుకెళ్తారు, తోడుగా ఒక కార్యకర్త ఉంటారు. మనదగ్గరో? కుటుంబం రాలేదన్న ఒక్క కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచకూడదని మానసిక ఆరోగ్య చట్టంలోని 19వ సెక్షన్‌ చెబుతుంటే, నయమైనవారు వార్డుల్లోనే ముసలివాళ్లవుతున్నారు. వేలిముద్రలతో కొత్త ఆధార్‌కు ప్రయత్నిస్తే ‘ఇప్పటికే ఉంది’ అని తిరస్కరణ వచ్చి, ఆ తీగ పట్టుకుని ఇల్లు దొరికిన సందర్భాలు దేశంలో ఎన్నో. ఆ మాత్రం ప్రయత్నానికీ స్వచ్ఛంద సంస్థే రావాలా?

కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టబోయే అధికారులు ముందు రాత్రి 11 గంటలకు, కెమెరాలు లేకుండా, తమ షెల్టర్‌ తలుపు తట్టి చూడాలి. తెరిచేవారున్నారా? మందుల రిజిస్టరుందా? కేర్‌టేకర్‌కు కిందటి నెల జీతం పడిందా? పాత బిల్లు తీర్చకుండా కొత్త ఫొటోకు నిలబడటానికి సిగ్గుండాలి.