పడుకున్నావేటి?

మా మేనల్లుడి నత్తలు రెండు పడుకున్నాయి. ఈ వార్త సోంపేటలో మా వీధంతా పాకడానికి పావుగంట పట్టింది. వాటిని లేపడానికి జనం పోగవడానికి అంత కూడా పట్టలేదు.

వాడు విశాఖలో ఏడో తరగతి. వేసవి సెలవులకి వస్తూ పుస్తకం ఒక్కటీ తేలేదు గానీ, మూతకి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అందులో తడి మట్టి, కోడిగుడ్డు పెంకుల పొడి, కీరదోస చక్రాలు, అరచేతిలో సగం ఉండే నత్తలు రెండు. పేర్లు రాజా, రాణి. (ఈ జాతిలో ప్రతి నత్తా ఆడా మగా రెండూనని వాడికి చెప్పాను. "అయితే ఇద్దరూ రాజా రాణీలే మావయ్యా" అన్నాడు. నేను మళ్ళీ మాట్లాడలేదు.)

మా అమ్మ మూత తీసి చూసి ఉప్పు డబ్బా కోసం లోపలికి వెళ్ళింది. ఆవిడ తప్పేం లేదు. ఆ ఆఫ్రికా నత్తలే వానాకాలంలో మా పెరట్లోకి దండెత్తి బంతి నారు, బొప్పాయి మొక్కలు మేసి, చాలక గోడ సున్నం కూడా గీకి తింటాయి. 1847లో బెన్సన్ అనే దొర వీటిని మారిషస్ నుంచి కలకత్తా తెచ్చి మిత్రుడి దగ్గర ఉంచితే, ఆ మిత్రుడు ఒక తోటలో వదిలాడు. దొర చూపిన ముచ్చటకి మా అమ్మ నేటికీ పొద్దున్నే బకెట్టు పట్టుకుని తిరుగుతోంది. ఇప్పుడు మనవడు అదే ముచ్చటని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

సరే, పడుకోవడం సంగతి. మే నెలలో మా సముద్రపు గాలిని పిండితే చెంబుడు నీళ్ళొస్తాయి. ఇక్కడ నత్తకి పడుకోవాల్సిన పనే లేదు. కానీ వీడు 'పాపం ఉక్కపోస్తోంది' అని డబ్బాని వరసగా నాలుగు రాత్రులు ఏసీ కింద పెట్టాడు. గాలి పొడిబారేసరికి అవి గుల్లలోకి ముడుచుకుని, మూతి దగ్గర తమ జిగురుతోనే పలచని పొర కట్టుకున్నాయి. అది ఎండితే కాగితంలా ఉంటుంది, ఒంట్లో తడిని బయటికి పోనివ్వదు. అంటే తలుపేసుకున్నాయి. తలుపేసుకోవడమంటే ఏమిటో మనవాళ్ళకి తెలియదని వాటికి తెలియదు.

మొదట పక్కింటి రిటైర్డ్ మాస్టారు వచ్చారు. గాఢనిద్రలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవాలన్నారు. ముప్పై ఏళ్ళు వెనక బెంచీని లేపిన గొంతు అది. "ఒరే రాజా! లెగు!" అన్నారు. నత్తకి చెవుల్లేవు. ఎదురింటి కుర్రాడు సెల్‌ఫోను డబ్బాకి ఆనించి పెళ్ళి ఊరేగింపులో వేసే డీజే పాట పెట్టాడు. పిన్ని స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చింది. దేవుణ్ణే చీకటితో మైకు పెట్టి లేపుతాం, నత్త ఓ లెక్కా?

తర్వాత వీధి చివరి ఆర్‌ఎంపీ గారు వేంచేశారు. టార్చి వేసి గుల్ల లోపలికి చూశారు. నాడి ఎక్కడుంటుందో కాసేపు వెతికారు. ఆఖరికి "డీహైడ్రేషన్. సెలైన్ ఎక్కిద్దాం" అన్నారు. సెలైన్ అంటే ఏమిటండీ? ఉప్పు నీళ్ళు! లోపల ఉప్పు డబ్బా పట్టుకుని నిలబడ్డ మా అమ్మ మొహం వెలిగిపోయింది. మేనల్లుడు బావురుమన్నాడు. ఈ సందట్లో ఎవరో పిన్నీసు తెచ్చి "ఆ పొర చింపేద్దాం, అదే వస్తాది బయటికి" అన్నారు. పడక గది తలుపు గొళ్ళెం విరగ్గొట్టి 'బాగున్నారా' అని పలకరించే రకం ఇది.

బీల అంటే మా దగ్గరి చిత్తడి నేల. దాని ఒడ్డు ఊరి నుంచి వచ్చిన తాత ఒకాయన మాత్రం అరుగు మీద నుంచి కదలకుండా, "ఎండాకాలం మా బీలలో నత్తలు మట్టిలోకి దిగిపోయి మూతేసుకుంటాయి. వాన పడితే అవే లెగుస్తాయి. మీకేటి తొందర?" అన్నాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. నిజం చెప్పేవాళ్ళు అరుగు మీదే కూర్చుంటారు.

ఇక లాభం లేదని నేనే రంగంలోకి దిగాను. అందరినీ కూర్చోబెట్టి చరిత్ర చెప్పాను. 1846లో లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం వాళ్ళు ఈజిప్టు ఎడారి నత్త ఒకటి చచ్చిందనుకుని అట్టముక్కకి జిగురుతో అంటించి పెట్టారు. అది అలా నాలుగేళ్ళు పడుకుంది. 1850లో అట్ట మీద ఏదో జాడ కనబడితే అనుమానమొచ్చి గోరువెచ్చని నీళ్ళలో పెట్టారు. లేచింది. ఆ నాలుగేళ్ళూ దాని దగ్గర ఎవరూ పళ్ళెం వాయించలేదు కాబట్టే బతికిందని నా అభిప్రాయం.

రాత్రి పట్టి ఉంచిన నీళ్ళు కాస్త గోరువెచ్చగా చేసి, గుల్లల మీద, మట్టి మీద జల్లాం. పక్కన కీరదోస ముక్క పెట్టాం. పొరని ముట్టుకోలేదు. ఇక ఎదురు చూడటమే.

ఆ నలభై నిమిషాలు చూడాలి మా వీధిని! మాస్టారు గుసగుసలాడారు. డీజే కుర్రాడు ఫోను ఆపేశాడు. దగ్గొచ్చినాయన పెరట్లోకి పోయి దగ్గి వచ్చాడు. పొర మెత్తబడింది, పాదం తడిగా కదిలింది, పొడుగు కొమ్ములు మెల్లగా చాచుకున్నాయి, వాటి చివర నల్లపూసల్లా కళ్ళు. అప్పుడు కూడా ఎవరూ అరవలేదు, బెదురుతుందని. "దానికి రోజుకి ఎన్ని నీళ్ళు జల్లాలి బాబూ?" అని ఆర్‌ఎంపీ గారు ఎంతో వినయంగా అడిగారు.

ఆ గోడకి అవతల గదిలో మా చిన్నాన్న పడుకుని ఉన్నాడు.

చిన్నాన్నది కవిటి వైపు. కొబ్బరి తోటలో పుట్టి పెరిగినవాడు. ఉద్దానంలో ఇంటింటికీ తెలిసిన కిడ్నీ జబ్బే. ఎందుకొస్తోందో ఇన్నేళ్ళలో ఎవరూ కచ్చితంగా తేల్చలేదు. వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు డయాలసిస్ మిషను మీద ఉంటాడు. అది అయ్యాక మధ్యాహ్నం ఇంటికొచ్చి, పిండి ఆరేసిన గుడ్డలా మంచం మీద వాలిపోతాడు. సరిగ్గా కునుకు పట్టే వేళకి చూడ్డానికి ఎవరో ఒకరు వస్తారు. తలుపు మూసి ఉంటుంది. తోసుకుని వెళతారు. భుజం పట్టుకుని, లేదా ఆ ఎడమ చెయ్యే పట్టుకుని ఊపుతారు. అది మిషను సూదుల కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చెయ్యి! బీపీ పట్టీ కూడా కట్టకూడని చెయ్యి! ఊపి, లేపి, కళ్ళు తెరిచాక ఆ మనిషిని అడుగుతారు:

"పడుకున్నావేటి?"

కాదు, పొలం దున్నుతున్నాడు! పిన్నీసుకి అడ్డం పడ్డ నేను దీనికి అడ్డం పడలేకపోయాను. నా నోరు పడిపోయింది, మర్యాద అనే రోగంతో. వచ్చినవాళ్ళు చేతులూపుకుంటూ రారు, కొబ్బరి బొండాలు, అరటిపళ్ళు తెస్తారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఆయన గుండెని ఆపగలదని, ఆ అరటిపళ్ళూ అంతేనని, తాగే నీళ్ళు కూడా కొలిచి సీసాలో పోస్తామని వందసార్లు చెప్పాం. వందా ఒకటోసారి గ్లాసులో పోసి "చలవ చేస్తాది, తాగు" అంటారు. మీ చలవ తగలెయ్య! నత్తకి నీళ్ళెన్ని అని అడిగిన నోటికి, ఆయనకి ఎన్ని అని అడగడం చేతకాలేదా? మీరొచ్చింది ఆయన్ని చూడ్డానికా, చూశామని ఊళ్ళో చెప్పుకోడానికా?

వాళ్ళ కంటే ఆయనతోనే నాకు ఎక్కువ కష్టం. లేచి కూర్చుని, పంచె సర్దుకుని, నవ్వు తెచ్చుకుని అంటాడు: "లేదు లేదు, లెగిసే ఉన్నాను."

బీల తాత కూడా ఆయన కోసమే వచ్చాడట. గంటసేపు అరుగు మీద చుట్ట కాల్చుకుని, "తర్వాత వస్తాన్లే" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు మేనల్లుడు డబ్బా మీద కాగితం ముక్క అంటించాడు: 'పడుకున్నారు. కదపకండి.' వాడి చేత ఇంకోటి పెద్దక్షరాలతో రాయించి చిన్నాన్న గది తలుపుకి అంటించాను. మధ్యాహ్నం రెండున్నరకి కంచిలి నుంచి మా దూరపు బాబాయి ఒకాయన వచ్చాడు, చేతిలో నాలుగు బొండాలు. తలుపు ముందు నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. ఆ కాగితాన్ని గట్టిగా, వీధంతా వినబడేలా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

లోపలి నుంచి చిన్నాన్న గొంతు వినబడింది. "లేదు లేదు..."