పేక కట్టకి, బెజవాడ నుంచి

మహారాజశ్రీ పేక కట్ట గారికి నమస్కరించి రాయునది,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి కానీ, కుశలంగా ఉన్నది నువ్వొక్కదానివే. యాభై రెండు ముక్కలూ రెండు జోకర్లూ డబ్బాలో హాయిగా పడుకుని ఉన్నాయి.

నీ మీద నా ఫిర్యాదు ఒక్కటే. నా డబ్బులతో వచ్చావు, నా జేబులో తిరుగుతావు, నా చేతి చెమటంతా పీల్చుకుంటావు, తీరా ఈ ఊళ్ళో ఏ నలుగురి ముందు బయటికి తీసినా ఆ నలుగురి మనిషివైపోతావు. వాళ్ళు నిన్ను చూడగానే అడిగేది ఒకటే మాట: "పంచుతావా?" ఇంతవరకు ఒక్కరంటే ఒక్కరు "మేజిక్ వచ్చా?" అని అడిగిన పాపాన పోలేదు. మొన్న గుంటూరు ప్యాసింజర్లో కృష్ణా కెనాల్ దాటాక, ఊరికే వేళ్ళు తిరగడానికి నిన్ను తీశాను. మంగళగిరి వచ్చేసరికి ఎదురు సీట్లో ముగ్గురు కాళ్ళు మడుచుకుని సర్దుకున్నారు, ఒకాయన మధ్యలో తువ్వాలు పరిచాడు, ఇంకో పెద్దాయన చెయ్యి చాపి "జోకరు తిప్పు బాబూ" అన్నాడు. వాళ్ళెవరో నేనెవరో!

నిజానికి తప్పు వాళ్ళదీ కాదు. పేపర్లో జిల్లా పేజీ తిప్పితే నీ ఫోటో ఎలా ఉంటుంది? నోట్ల కట్టలు, సెల్‌ఫోన్లు, మధ్యలో నువ్వు, వెనకాల తలలు వంచుకున్న పేకాటరాయుళ్ళు. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని నిషేధిస్తే, ఫోన్లోంచి దిగి ఏమీ ఎరగనట్టు మళ్ళీ దుప్పటి మీదికి వచ్చి కూర్చున్నావు. అలాగని నీకు పెద్దల అండ లేదా అంటే అదీ ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు 1967లోనే చెప్పేసింది, రమ్మీ మూడు ముక్కలాటలా ఉత్త అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది నైపుణ్యం కావలసిన ఆట అని. అంటే బనీనుతో బాసింపట్టు వేసుకుని పదమూడు ముక్కలు సర్దుకునే మా బాబాయి నైపుణ్యాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. నెలల తరబడి అద్దం ముందు నిలబడి ఎడమచేతి చిటికెన వేలికి చదువు చెప్పిన నా నైపుణ్యాన్ని మాత్రం మా ఇంట్లో వాళ్ళే ఒప్పుకోరు.

ఇంట్లో సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, మా అమ్మ నిన్ను దేవుడి గది గోడ అవతల కూడా పెట్టనివ్వదు. "ఇది పేకాట కాదమ్మా, దీని బ్రాండు పేరు బైసికిల్, 1885 నుంచి అమెరికాలో తయారవుతోంది, మేజిక్ చేసేవాళ్ళంతా ఇదే వాడతారు" అని ఎంత గౌరవంగా పరిచయం చేశానో నీకు తెలుసు. ఆవిడ ఒక ముక్క తీసి, వెనక సైకిలు తొక్కుతున్న దేవదూత బొమ్మ కేసి కాసేపు చూసి, "రెక్కలున్నవాడికి సైకిలెందుకురా?" అని టీవీ వైపు తిరిగిపోయింది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

పోనీ నువ్వైనా సహకరిస్తావా అంటే, నీ వంటికి బెజవాడ పడదు. నీది కాగితం ఒళ్ళు, మీద సన్నటి గుంటల అచ్చు, ఆ గుంటల్లో గాలి నిలిచి ముక్క మీద ముక్క జారాలి. చలికాలంలో జారుతుంది కూడా. రోహిణి కార్తెలో కరెంటు పోయిన మధ్యాహ్నం, అరచేతులు తడిగా ఉన్నప్పుడు మాత్రం చలిమిడి ముద్దలా తయారవుతావు. అందుకని బీసెంట్ రోడ్డులో దొరికే ప్లాస్టిక్ పేక కొంటే, అది అసలు చేతిలో నిలవదు. రమ్మీ వాళ్ళకి అదే ఇష్టం, కాఫీ ఒలికినా తుడుచుకోవచ్చు.

ఇక అసలు కేసుకొస్తాను. మనవాళ్ళకి మేజిక్ అంటే స్టేజీ ఉండాలి, టోపీలోంచి పావురం ఎగరాలి. నేను నేర్చుకున్నది అది కాదు. ఎదుటివాళ్ళకి రెండడుగుల దూరంలో కూర్చుని, వాళ్ళ కళ్ళ ముందే చేసేది. అందులో అంబిషస్ కార్డ్ అనే పాత రొటీన్ ఒకటుంది. మీరు తీసిన ముక్కని కట్ట మధ్యలో పెట్టేస్తాను, చిటికె వేస్తాను, అదే పైకొస్తుంది. మళ్ళీ మధ్యలో, మళ్ళీ పైకి. (ఇది చూసి మా ఆఫీసులో ఒకాయన "మా సెక్షన్లో కూడా ఇలాంటివాడు ఒకడున్నాడు, ఎక్కడ పెట్టినా పైకొస్తాడు" అన్నాడు. ఈ రొటీన్‌కి నాకు దక్కిన అతి పెద్ద ప్రశంస అదే.) దీని ప్రాణమంతా డబుల్ లిఫ్ట్‌లో ఉంది, అంటే పైనున్న రెండు ముక్కల్ని ఒకటే అన్నట్టు ఎత్తి తిప్పడం. ఇంద్రజాలికుల సంఘం వాళ్ళెవరైనా చదువుతుంటే రహస్యం బయటపెట్టానని కోప్పడకండి, బెజవాడలో ఇది రహస్యంగా మిగిలింది ఎప్పుడు కనక?

పటమటలో పెళ్ళి, విడిదిల్లు, రాత్రి భోజనాలయ్యాయి. బాబాయి ఇస్పేటు రాణి తీసుకున్నాడు, మధ్యలో పెట్టాడు, నేను చిటికె వేశాను, రెండిటినీ ఒకటిగా తిప్పాను. అంచులు ఎంత కచ్చితంగా కలిశాయంటే నాకే ముచ్చటేసింది. మూల పట్టుకుని "ఇదేనా బాబాయ్ మీ ముక్క?" అన్నాను. ఆయన రాణి మొహం కూడా చూడలేదు. చెయ్యి చాపి, ఆ రెండో మూలని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కాస్త నలిపాడు, పైదీ కిందదీ వెంట్రుకవాసి జరిగాయి. "రెండొచ్చాయిరా, ఒకటి లోపల పెట్టు" అన్నాడు. నన్ను పట్టుకున్నానన్న గర్వం కూడా లేదు ఆ గొంతులో! ముక్క తీసేటప్పుడు రెండు అతుక్కొస్తే ఏం చెయ్యాలో చిన్నవాడికి చెప్పాడంతే. ముప్ఫై ఏళ్ళు నిన్ను పట్టుకున్న వేళ్ళవి, నువ్వు ఒకటివో రెండువో వాటికి చీకట్లో కూడా తెలుస్తుంది. నువ్వేమో పాత యజమాని కనపడగానే గుట్టంతా కక్కేశావు.

ఏ ట్రిక్కైనా మూడుసార్లు చూస్తే కనిపెట్టేస్తానని పాతకాలపు మేటి ఇంద్రజాలికుడు హుడినీ గొప్పలు చెప్పుకునేవాడు. 1922లో షికాగోలో డై వెర్నన్ అనే పేక మేజిక్ ఉద్దండుడు ఆయనకి ఈ ముక్క పైకొచ్చే విద్యే చూపించాడు. హుడినీ ముక్క మీద తన పొడి అక్షరాలు కూడా రాశాడు, మళ్ళీ చెయ్యి, మళ్ళీ చెయ్యి అని మూడు దాటినా అడిగాడు, చివరికి కనిపెట్టలేకపోయాడు. వెర్నన్ అదృష్టవంతుడు. ఆ బల్ల దగ్గర మా బాబాయి కూర్చుని ఉంటే చరిత్ర ఇంకోలా ఉండేది. ఆ వెర్నన్ వెంట పద్నాలుగేళ్ళ వయసులో ఇల్లొదిలి తిరిగిన కుర్రాడు పర్సీ డయాకోనిస్ తర్వాత గణితంలోకి వెళ్ళి, డేవ్ బేయర్‌తో కలిసి 1992లో, 52 ముక్కలు సరిగ్గా కలవాలంటే రిఫుల్ షఫుల్ (కట్టని రెండుగా విడదీసి, అంచులు టపటపా వదులుతూ ఒకదాన్లో ఒకటి కలపడం) ఏడుసార్లు చెయ్యాలని లెక్కగట్టాడు. మా పెదనాన్న అంత దూరం వెళ్ళడు. నేను వరుసగా పేర్చుకున్న కట్టని లాక్కుని, దుప్పటి మీద బోర్లించి, రెండు చేతులా కలియబెట్టి "ఇప్పుడు చెయ్యి" అంటాడు.

నీతో లాభం లేదని గుంటూరులో, బ్రాడీపేటలో ఒక గృహప్రవేశానికి నిన్ను తీసుకెళ్ళలేదు. అక్కడ ఆడుతున్నవాళ్ళ పేకలోంచే ఒక గుప్పెడు అడిగి తీసుకున్నాను. ఆ రోజు అద్భుతంగా కుదిరింది, ఎన్నిసార్లు మధ్యలో పెట్టినా ముక్క పైకొచ్చింది, ఒక పెద్దావిడ బుగ్గన వేలేసుకుంది. ఈలోగా ఏడో క్లాసు కుర్రాడొకడు ముక్కలన్నీ వెల్లకిలా పరిచి "ఇదిగో రెండోది!" అని అరిచాడు. రమ్మీ అంటే రెండు పేకలు కలిపి ఆడే ఆట కదా, నా గుప్పెట్లోకి ఇద్దరు ఇస్పేటు రాణులూ వచ్చేశారు. "ఓస్, రెండు పెట్టుకున్నాడు" అని అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కాఫీలకి లేచారు. చేసిన మోసం ఎవరూ పట్టుకోలేదు, చెయ్యని మోసానికి శిక్ష పడింది. నువ్వు రాకుండా నీ బంధువుల్ని పంపించావన్నమాట.

ఇంతటితో పోయినా బాగుండేది. పోనీ నేనూ ఒక చెయ్యి వేస్తాను, పంచండి అని దుప్పటి దగ్గర కూర్చోబోతే, "నువ్వొద్దులేరా, నీ చేతుల్లో ఏదో ఉంది" అంటున్నారు. ఇదెక్కడి న్యాయమో నువ్వే చెప్పు. నేను ముక్కలు మార్చగలిగేవాణ్ణయితే మేజిక్ చేసినప్పుడు చప్పట్లు కొట్టాలి. మార్చలేనివాణ్ణయితే పదమూడు ముక్కలు వెయ్యాలి. ట్రిక్కు దగ్గర నేను చేతకానివాణ్ణి, ఆట దగ్గర ఆరితేరిన మోసగాణ్ణి. రెండు పదవులూ ఒకే రాత్రి, ఒకే దుప్పటి మీద, నీ పుణ్యమా అని.

శ్రావణంలో మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఉంది. నాకప్పుడే పని అప్పజెప్పారు. దుప్పటికి బారెడు దూరంలో కుర్చీ వేసుకుని స్కోరు రాయాలట. డ్రాప్ అయితే ఇరవై, మిడిల్ డ్రాప్ నలభై, ఫుల్ కౌంట్ ఎనభై. ముక్కలు తాకకూడదని బాబాయి షరతు. పెన్ను కూడా నన్నే తెచ్చుకోమన్నారు.

ఇట్లు,
స్కోరు రాసేవాడు