రేడియేటర్ మూత గారికి, ఒళ్లు మండి

మహారాజశ్రీ రేడియేటర్ మూత గారి దివ్య సముఖమునకు,

ఉభయ కుశలోపరి. మేమంతా క్షేమం. మీరు నా చొక్కా జేబులోనే, టిష్యూ పేపర్లో చుట్టుకుని ఉన్నారు కాబట్టి స్టాంపు ఖర్చు కూడా లేదు. ఏటీవీ, అదే పొలాల్లో బురదలో తిరిగే నాలుగు చక్రాల బండి, వెనకాల టాటా ఏస్‌లో తాళ్లతో కట్టేసి ఉంది. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కకముందు ఈ ఉత్తరం మొదలుపెట్టాను, దిగేలోపు పూర్తవుతుందనే నమ్మకం ఉంది. అక్కడి ట్రాఫిక్ సంగతి బెంగళూరు వాళ్లకి చెప్పక్కర్లేదు.

మూడు శనివారాలండీ. ఏడుకొండలవాడికి ఇచ్చుంటే పుణ్యమన్నా దక్కేది.

మొదటి శనివారం చిక్కబళ్లాపురం దగ్గర మా అత్తగారి ద్రాక్షతోటలో, ట్రైలర్ నిండా క్రేట్లు వేసుకుని బురదలో మనిషి నడిచే వేగంతో పోతుంటే ముందు నుంచి బుస్సుమని ఆవిరి. మా బామ్మర్ది దూకి మీ మీద చెయ్యి వేయబోతే నేనే వెనక్కి లాగాను. వేడి మీద మిమ్మల్ని తిప్పితే మొహానికి అభిషేకమేనని నాకు తెలిసిన ఒక్క ముక్క అదే. "ముందు కూలెంట్ బాటిల్ చూడరా" అన్నాను. కూలెంట్ అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, బాటిల్ రేడియేటర్ పక్కన ఉంటుంది. వంగి చూశాడు.

"ఫుల్ బావా."

ఫుల్. ఈ మాట ఈ మూడు వారాల్లో నేను ఎంతమంది నోట విన్నానో మీకు తెలియాలి. షెడ్డులో మెకానిక్ టార్చి కొట్టి చూసి "బాటిల్ ఫుల్ ఇదె సార్" అన్నాడు. వాడి దగ్గర పనిచేసే కుర్రాడు వచ్చి మళ్లీ చూసి "ఫుల్ ఇదె" అన్నాడు. టాటా ఏస్ డ్రైవరు, ఎవరూ అడక్కుండానే, బీడీ పారేసి వచ్చి మరీ వంగి చూసి ఫుల్ అని తీర్పు ఇచ్చాడు. వీడియో కాల్‌లో మా ఆవిడ కూడా "నిండుగానే ఉందిగా, మరి మీకేం టెన్షన్" అంది. ఆ బాటిల్ మీద కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి కదా, కూలెంట్ పై గీత దాటి మూతిదాకా వచ్చి కూర్చుంది. అంత నిండుగా ఎందుకుందని మాలో ఒక్కడికైనా అనుమానం రావాలి కదా? రాలేదు.

నీళ్లున్నాయి కాబట్టి తప్పు ఇంకెవరిదో అయ్యుండాలి. ఫ్యాన్ తిరగడం లేదని దానికి కరెంటు కలిపే స్విచ్చు, రిలే, మార్చాం. అయినా తిరగలేదు. బ్యాటరీకి నేరుగా వైరు కలిపితే మాత్రం పెళ్లి పందిట్లో ఫ్యానులా తిరిగింది. రెండో శనివారం థర్మోస్టాట్ మీద పడ్డాం, అదే వేడెక్కితే తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు. దాన్ని పీకి, మా ఆవిడ పాలగిన్నెలో వేసి మరిగిస్తే పాపం బుద్ధిగా తెరుచుకుంది, అయినా మార్చేశాం, ఎటూ విప్పాం కదా అని. విప్పినప్పుడు కారిపోయినదాని బదులు రేడియేటర్ నిండా పోశాం. రెండు రోజులు బండి బ్రహ్మాండంగా నడిచింది. మెకానిక్ మీసం మెలేశాడు. మూడో రోజు మళ్లీ బుస్సు.

మధ్యలో షెడ్డు కుర్రాడు రేడియేటర్ రెక్కల్లో బురద ఉందని ప్రెషర్ వాషర్‌తో ఎదురుగా నిలబడి కొట్టాడు. వెనక వైపు నుంచి సన్నటి ధారతో కడగాలి దాన్ని. బురద ఇంకా లోపలికి పోయింది, రెక్కలు తుఫానుకి వరిచేనులా పడుకున్నాయి. వాడి సంగతి వేరే ఉత్తరంలో. హ్యాండిల్ దగ్గర ఎర్ర దీపం గారూ, మీకూ ఒకటుంది. ఇంజిన్ మరిగి ఆవిరి కక్కుతుంటే మీరు ఎక్కడున్నారండీ?

ఈ శనివారం పొద్దున మెకానిక్ పేల్చిన బాంబు: "హెడ్ దించాలి సార్, గ్యాస్కెట్ పోయినట్టుంది." హెడ్ అంటే ఇంజిన్ పై భాగం, గ్యాస్కెట్ దాని కింద ఉండే సీలు. ఇంజిన్ ఆయిల్ తీసి చూస్తే పాలు కలిసిన టీ రంగు లేదు, అంటే నీళ్లు ఆయిల్లోకి పోలేదు. వాటర్ పంపు కింద చిన్న కన్నం పొడిగా ఉంది, సీలు కారడం లేదు. అయినా హెడ్ దించాలట. పద్దెనిమిది వేలు. సరే, దించే ముందు రేడియేటర్ అయినా శుభ్రం చేయిద్దామని దాన్ని ఊడదీయించి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని జేసీ రోడ్డుకి పోయాను. అక్కడ రేడియేటర్లకి టంకం వేసే పెద్దాయన దాన్ని చూడనే చూడలేదు. "మూత ఎక్కడ?" అన్నాడు.

తీసిచ్చాను. బొటనవేలితో మీ రబ్బరు నొక్కాడు. పిండివంటలా పగుళ్లు. మధ్యలో ఉండే బుల్లి ఇత్తడి వాల్వు గోటితో లాగాడు. కదల్లేదు, చుట్టూ సున్నంలా తెల్లగా పట్టేసింది. సైకిల్ పంపులాంటిది ఒకటి తగిలించి గాలి కొడితే, నెత్తిన 1.1 బార్ ఒత్తిడి అని చెక్కించుకున్న మీరు 0.3 దగ్గరే చేతులెత్తేశారు.

"ఇదు హోగిదె సార్" అన్నాడు. పోయిందట. అంతే. పద్దెనిమిది వేల మాట ఒక్క వేలితో తేలిపోయింది.

అయ్యా, మీకున్న ఉద్యోగం ఎంత? బెంగళూరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉంది, మామూలు గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మీరు లోపల 1.1 బార్ ఒత్తిడి నిలిపితే అవే నీళ్లు 120 దాకా మరగవు. ప్రెషర్ కుక్కర్ వెయిట్ చేసే పని. దాంతోపాటు ఇంకొకటి: వేడికి ఉబ్బిన కూలెంట్‌ని బాటిల్లోకి పంపడం, ఇంజిన్ చల్లారాక మళ్లీ లోపలికి రానివ్వడం. మీరు పంపించారు. రానివ్వలేదు. చల్లారినప్పుడల్లా బాటిల్లోంచి కూలెంట్ పీల్చాల్సింది పోయి, పగిలిన రబ్బరు సందుల్లోంచి గాలి పీల్చింది రేడియేటర్. ఇంటి ఓనరుకి ఇచ్చిన పది నెలల అడ్వాన్సులాగా, పోవడం చకచకా పోయింది, తిరిగి రావడమే లేదు. అందుకే బాటిల్ ఫుల్. అందుకే రేడియేటర్ ఖాళీ. వేడిని కనిపెట్టే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉండాల్సింది పోయి ఖాళీలో వేలాడుతోంది కాబట్టి ఫ్యానుకీ, ఎర్ర దీపానికీ వేడి సంగతి చేరనేలేదు. ఇంట్లో దొంగలు పడితే కాపలావాడి చెవుల్లో దూది పెట్టినట్టు.

ఇప్పుడు చెప్పు. నీ తోడుదొంగ ఆ బాటిల్ నిండు కుండలా తొణక్కుండా కూర్చుంటే, నువ్వు దాని పక్కనే మెరుస్తూ కూర్చున్నావు. మూడు వందల యాభై రూపాయల వస్తువువి. నీ కోసం రిలే కొన్నాను, థర్మోస్టాట్ కొన్నాను, టాటా ఏస్‌కి మూడుసార్లు రానూపోనూ బాడుగ కట్టాను, అత్తగారి ముందు "బండి గురించి తెలియకుండానే కొన్నాడు" అనిపించుకున్నాను. సిగ్గుందా నీకు? పోయేటప్పుడు ఒక చుక్క నీ మెడ దగ్గర నుంచి కారి కనిపించినా ఏమయ్యేది?

ఇంత తిట్టాక నిజం కూడా చెప్పేయాలి. ఆ తెల్ల సున్నం ఎవరి పుణ్యమో నాకు తెలుసు. మా బాత్రూమ్ కుళాయికి పట్టేదే, గీజర్ రాడ్‌కి పట్టేదే. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయాలని చదివి కూడా, తోటలో బోరు మోటారు పక్కనే ఉంది కదా అని బిందెతో పోసింది నేనే. 2024 మార్చిలో తాగే నీళ్లతో బండి కడిగితే 5000 జరిమానా అన్న ఊళ్లో ఉంటూ, రేడియేటర్ కోసం నీళ్లు కొనడానికి నాకు మనసొప్పలేదు.

కొత్తది కొన్నాను. మీ కొలతే, మీ 1.1యే. కారుది పెట్టేయండి సార్ అన్నాడు పక్క షాపువాడు, మెడ లోతు తేడా ఉంటే నొక్కుకోదని పెద్దాయన వాడి మీద గయ్యిమన్నాడు. మిమ్మల్ని అక్కడే చెత్తబుట్టలో వేయబోయాను. చెయ్యి రాలేదు. మా బామ్మర్దికి చూపించాలి, మెకానిక్‌కి చూపించాలి, ముఖ్యంగా ఆ బీడీ డ్రైవరుకి చూపించాలి.

ఇట్లు,
హెబ్బాళలో ఇంకా కదలని
మీ ఓనరు

తా.క.: రేపు తెల్లారి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి రేడియేటర్‌లోకే చూస్తాను. బాటిల్ ఏమన్నా చెప్పుకోనీ.