విడదీస్తే అర్థం మిగలని పాటలు

బ్రిటన్‌కు చెందిన మారిలియన్ బృందం 1994లో విడుదల చేసిన ‘బ్రేవ్’ ఆల్బమ్ డెబ్బై నిమిషాలు దాటి సాగుతుంది. కడప బస్టాండులో వినడం మొదలుపెడితే ప్రొద్దుటూరులో దిగేసరికి అటూ ఇటూగా పూర్తవుతుంది. ఆ ప్రయాణంలో ఏ ఇరవయ్యో నిమిషంలోనో ఆపేసిన శ్రోతకు మాత్రం దాని నుంచి దక్కేది చాలా తక్కువ. నియో-ప్రోగ్రెసివ్ రాక్‌లో భారీగా తలపెట్టిన కాన్సెప్ట్ ఆల్బమ్‌లకు, అంటే పాటలన్నీ కలిసి ఒకే కథనో ఒకే భావాన్నో చెప్పే ఆల్బమ్‌లకు, ఉన్న ఆకర్షణ ఆ భారీతనంలోనో, వేళ్ల విన్యాసంలోనో లేదని, ఒక్కో పాటను విడిగా తీసుకోనివ్వని ఆ మొండితనంలోనే ఉందని నా అభిప్రాయం.

ఈ సంగీతం 1980ల ఆరంభంలో బ్రిటన్‌లో పుట్టింది. అంతకు పదేళ్ల ముందు జెనెసిస్, యెస్ వంటి బృందాలు నడిపిన ప్రోగ్రెసివ్ రాక్‌కు, పొట్టి మోటు పాటల పంక్ ఉద్యమం తర్వాత కాలం చెల్లిందని పత్రికలు తేల్చేసిన సమయంలో, మారిలియన్, ఐక్యూ, పెండ్రాగన్ బృందాలు మళ్లీ పొడవాటి పాటలు, దట్టమైన కీబోర్డ్ స్వరాలు, సాగదీసిన గిటార్ సోలోలు పట్టుకొచ్చాయి. జెనెసిస్‌కు అనుకరణ అన్న నింద అప్పుడే మొదలైంది. మారిలియన్ గాయకుడు ఫిష్ ముఖానికి రంగులు పూసుకుని వేదిక ఎక్కడం చూసినవారికి జెనెసిస్ తొలి గాయకుడు పీటర్ గాబ్రియేల్ గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు? వాయిద్యాల మేరకు ఆ నింద చాలావరకు న్యాయమే. కానీ కథావస్తువులో తేడా ఉంది. పాత తరం తరచుగా పురాణ లోకాలనూ వింత జీవులనూ ఆశ్రయించిన చోట, వీరు ఒక మనిషి లోపలి గాయాలను, అంటే తెగిపోయిన ప్రేమను, తాగుడును, జారిపోయిన బాల్యాన్ని కథగా తీసుకున్నారు. ఐక్యూ 1997లో వెలువరించిన జంట ఆల్బమ్ ‘సబ్‌టెరేనియా’లో బంధించి పెంచిన మనిషి బయటి ప్రపంచంలోకి వచ్చినప్పుడు పడే తికమకే వస్తువు.

ఈ పద్ధతికి పెద్ద విజయం 1985లో వచ్చింది. బెర్లిన్‌లోని హన్సా స్టూడియోలో మారిలియన్ రికార్డు చేసిన ‘మిస్‌ప్లేస్డ్ చైల్డ్‌హుడ్’ బ్రిటన్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. రికార్డు ఒక్కో వైపున పాటల మధ్య విరామం ఉండదు. పిల్లల పాట ఒకదాన్ని ఆధారం చేసుకున్న ‘లావెండర్’ బాణీ కాసేపటికే తర్వాతి భాగంలో మళ్లీ వినిపిస్తుంది. మొదట విన్నప్పుడు అది ప్రేమికుడి మురిపెం. రెండోసారి వచ్చేసరికి కథ నడక మారిపోయి ఉంటుంది కాబట్టి అదే బాణీ మనసును పిండుతుంది. స్వరం మారలేదు, విన్న మనమే మారాం. దీన్ని మూడు నిమిషాల పాటలో సాధించడం కష్టం.

అయితే ఇదే ఆల్బమ్ నుంచి విడిగా తీసిన ‘కేలీ’ పాట సింగిల్‌గా రెండో స్థానానికి ఎక్కింది. మొత్తం ఆల్బమ్ ఏనాడూ విననివారు కూడా ఆ ఒక్క పాటను ప్రేమించారు. దీన్ని చూసి సీమలో పద్య నాటకాలు ఎరిగినవారు ఆశ్చర్యపోరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై, ఆ ఊరి పేరునే తన పేరుగా చేసుకున్న నాటక సమాజం పుట్టిన నేల ఇది. ఇక్కడి ప్రేక్షకుడికి కథ తెలుసు, పద్యం కావాలి. నటుడు రాగం తీస్తే ‘వన్స్ మోర్’ అంటాడు, కథ ఆగుతుంది. హరిశ్చంద్ర నాటకం మొత్తం ఆడకపోయినా కాటి సీను ఒక్కటే ఆడించుకుంటాడు. ఆ సీనులో జనం ఎదురుచూసే పద్యాలలో కొన్ని బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోవి కావు, జాషువా ‘శ్మశానవాటి’ నుంచి వచ్చి చేరినవి. ఒక చోటి నుంచి తీసి మరో చోట పెట్టినా చెక్కుచెదరకపోవడం మన పద్యానికున్న బలం. దాన్ని నేను తక్కువ చేయను. కాన్సెప్ట్ ఆల్బమ్ సరిగ్గా దీనికి ఎదురు దారిలో నడుస్తుంది.

ఆ దారిలో చివరిదాకా వెళ్లింది ‘బ్రేవ్’. ఇంగ్లండ్, వేల్స్‌లను కలిపే సెవెర్న్ వంతెన మీద తిరుగుతూ కనిపించి, తానెవరో చెప్పడానికి నోరు విప్పని ఒక అమ్మాయి గురించి పోలీసులు రేడియోలో చేసిన ప్రకటనను, ఫిష్ వెళ్లిపోయాక వచ్చిన గాయకుడు స్టీవ్ హోగార్త్ విన్నాడు. ఆమె మౌనం వెనుక ఏముండవచ్చునన్న ఊహే ఆల్బమ్. నిర్మాత డేవ్ మీగన్ పాదాల చప్పుడు, నీటి శబ్దం వంటివి కూడా సంగీతంలో కలిపేసి, ఏ పాట ఎక్కడ మొదలైందో తెలియనంతగా అల్లాడు. నడుమ ఒకటి రెండు గట్టి రాక్ పాటలు ఆ అల్లికలో ఇమడలేదు, కత్తిరించినా నష్టముండేది కాదు. ‘కేలీ’ వంటి పాట ఇందులో లేదు. అమ్మకాలూ మునుపటిలా లేవు. అయినా ఈ బృందాన్ని వదలనివారు మిగిలారు. 1997లో అమెరికా పర్యటనకు డబ్బు లేదని తెలిసి అభిమానులే దాదాపు 60,000 డాలర్లు పోగుచేశారు. 2001 నాటి ఆల్బమ్‌కైతే రికార్డు కాకముందే పన్నెండు వేలకు పైగా అభిమానులు ముందస్తుగా డబ్బు కట్టారు. ఊరు చందాలేసుకుని నాటకం ఆడించినట్టే అది. ఒక్క హిట్ పాట కోసం వచ్చిన శ్రోత ఇంత దూరం రాడు.

‘బ్రేవ్’ వినైల్ రికార్డు చివరి వైపున పక్కపక్కనే రెండు గాడులు చెక్కారు. ముల్లు ఒకదానిలో పడితే అమ్మాయి తేరుకుంటుంది, కథ వెలుతురులో ముగుస్తుంది. రెండోదానిలో పడితే ఆశ కలిగించే ఆ చివరి పాట రాదు, నీటి హోరు మాత్రం చాలాసేపు వినిపిస్తుంది. ఏ ముగింపు వస్తుందో వినేవాడి చేతిలో లేదు. సీడీ మీద సుఖాంతమే ఉంచారు. అది ఇంపైన పాటే, కాకపోతే గంటకు పైగా కూడిన బరువును నాలుగైదు నిమిషాల్లో దించేస్తుంది. అప్పటిదాకా ఆ అమ్మాయితో నడిచిన శ్రోతకు నీటి హోరు ముగింపే నిజాయితీగా తోస్తుందని నేననుకుంటాను.