బాంబులకు లేని బాధ ప్రయాణికులకెందుకు?

మొన్న మా బావమరిది హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి విమానంలో వెళ్లొచ్చాడు. గంటా పావు ప్రయాణం. దాని గురించి రెండు గంటలు ఏడ్చాడు. మోకాళ్లు ముందు సీటుకి కొట్టుకున్నాయట, కిటికీ పక్కన కూర్చోవడానికి విడిగా డబ్బులు గుంజారట, మంచినీళ్లు తప్ప అన్నీ కొనుక్కోవాల్సిందేనట. "మనుషుల్లా కాదు బావా, సామాన్లలా చూస్తున్నారు" అన్నాడు.

నేను ఓదార్చలేదు. సామాను దాకా రావడం ఎంత పెద్ద ప్రమోషనో వాడికి తెలీదు. ఒకప్పుడు ప్రయాణికుడి స్థాయి అంతకంటే కింద ఉండేది. బాంబు మోసే విమానంలో బాంబు లేదు కాబట్టి ఎక్కించుకున్న బరువు, అంతే.

సంగతేంటంటే, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయేసరికి బ్రిటన్ దగ్గర బాంబర్లు కుప్పలుగా ఉన్నాయి, ప్రయాణికుల విమానాలు లేవు. యుద్ధ కాలంలో రవాణా విమానాల పని అమెరికాకి వదిలేసి, వీళ్లు ఫైటర్లూ బాంబర్లూ చేసుకుంటూ కూర్చున్నారు. ఒక్క లాంకాస్టర్ బాంబర్లే 7,377 తయారుచేశారు. ఇప్పుడు అమెరికా దగ్గర విమానాలు కొందామంటే చేతిలో డాలర్లు లేవు. మరేం చేస్తారు? పెళ్లయ్యాక ఇంట్లో రెండొందల మందికి వండే గుండిగ మిగిలిపోతే మనం ఏం చేస్తాం? అందులోనే నలుగురికి ఉప్మా చేసుకున్నారు.

ఆ ఉప్మా పేరు లాంకాస్ట్రియన్. లాంకాస్టర్‌లోంచి తుపాకులు పీకేసి, అవి ఉన్న చోట ముక్కుకీ తోకకీ సన్నగా రేకు టోపీలు తొడిగారు, బాంబులుండే అరలో అదనపు పెట్రోలు ట్యాంకులు పెట్టారు, పేరు చివర ఒక తోక తగిలించారు. విమానం సిద్ధం. బ్రిటన్ ప్రభుత్వ విమాన కంపెనీ బీఓఏసీ వాళ్ల దాంట్లో ప్రయాణికులు తొమ్మిదిమంది. ఇంజన్లు నాలుగు, అవీ ఒక్కోటి 27 లీటర్ల రోల్స్ రాయిస్ మెర్లిన్లు. అంటే తలకి దాదాపు అర ఇంజను. ఈ రోజుల్లో ఇంత ప్రత్యేక శ్రద్ధ ఎవరు చూపిస్తున్నారు చెప్పండి. ఆరు టన్నుల బాంబులు మోసిన విమానం తొమ్మిదిమందిని మోస్తూ వెళ్తుంటే, టాటా లారీలో కొత్తిమీర కట్ట పంపించినట్టు ఉండేదని నా ఊహ.

ఆ తొమ్మిదిమందినీ గోడవారగా వరసపెట్టి కూర్చోబెట్టారు, ముందుకి కాదు, పక్కకి తిరిగి, మన సెవెన్ సీటర్ ఆటోలో వెనక కూర్చున్నట్టు. రాత్రయితే సీట్లు మార్చి పడకలు వెయ్యొచ్చు, కాకపోతే పడకలు ఆరే. తొమ్మిది సీట్లు, ఆరు బెర్తులు. మిగిలిన ముగ్గురి సంగతి మన రైళ్లెక్కిన వాళ్లెవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆర్ఏసీ మన రైల్వేవాళ్ల సొంత తెలివి అని ఇన్నాళ్లూ గర్వపడ్డాను, ఆ గర్వం కూడా పోయింది.

1945 మే 31న ఇంగ్లండ్‌లో హర్న్ నుంచి సిడ్నీకి ఈ సర్వీసు మొదలైంది. దాదాపు మూడు రోజులు, మధ్యలో కరాచీ, కొలంబో వగైరా. కరాచీ దాటాక ఆస్ట్రేలియా కంపెనీ క్వాంటస్ వాళ్లు నడిపేవారు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు, కాబట్టి పైకి వెళ్తే మొహానికి ఆక్సిజన్ మాస్కు. ఇంజన్ల మోత ఆగదు. లోపల నడుమున రెక్కల్ని కలిపే దూలం ఒకటి అడ్డంగా ఉంటుంది, పాత పెంకుటింటి గడపలాంటిది కాదు, నడుము వంచి కాలెత్తి ఎక్కి దిగాల్సిన దూలం. యుద్ధంలో జర్మనీ మీదికి వెళ్లిన కుర్రాళ్లు బూట్లూ పారాచూట్ పట్టీలతో దాన్ని దాటుతూ తిట్టుకునేవారు. విమానం పేరు మార్చారు గానీ దూలాన్ని ఎవరూ మార్చలేకపోయారు.

ఖర్చు గిట్టిందా అని అడక్కండి, అది చిల్లర ప్రశ్న. టపా సంచులు కూడా ఎక్కేవి, అవి కాళ్లు చాపుకోవాలని అడగవు.

ఇక విమానాశ్రయం వైభవం. 1946 జనవరి 1న హీత్రో నుంచి మొదటి అంతర్జాతీయ విమానం బయల్దేరింది. బ్రిటిష్ సౌత్ అమెరికన్ ఎయిర్‌వేస్ వారి లాంకాస్ట్రియన్, పేరు స్టార్ లైట్, గమ్యం బ్యూనస్ ఎయిర్స్. ఆ కంపెనీని నడిపిన డాన్ బెనెట్ యుద్ధంలో బాంబర్లకి ముందు వెళ్లి దారి చూపించే దళానికి అధిపతి, కాబట్టి కస్టమర్ కేర్‌లో అనుభవం పుష్కలం. టెర్మినల్ ఏమో గుడారాలు. నిజంగా షామియానాలే. లోపల పువ్వుల డిజైను సోఫాలు, బల్లల మీద పూలకుండీలు, బయట బురదలో చెప్పులు పాడవకుండా చెక్కపలకలు పరిచిన దారి. మన పెళ్లి రిసెప్షన్ ఇంతకంటే ఏం వేరు? చివర్లో ఐస్‌క్రీమ్ తప్ప.

అదే కంపెనీ లాంకాస్ట్రియన్ ఇంకొకటి, స్టార్ డస్ట్, 1947 ఆగస్టు 2న బ్యూనస్ ఎయిర్స్ నుంచి శాంటియాగో వెళ్తూ 11 మందితో ఆండీస్ కొండల్లో మాయమైంది. యాభై ఏళ్ల తర్వాత టుపుంగాటో అనే కొండ దగ్గర హిమానీనదం దాని ముక్కల్ని బయటికి తోసింది. దీని మీద జోకు వెయ్యను.

ఈ కుటుంబంలో ఇంకో పిల్ల హాల్టన్. హాలిఫాక్స్ బాంబర్‌కి కూతురు. పదిమంది ప్రయాణికులు, బాంబుల అర ఉన్నచోట పొట్ట కింద మూడున్నర టన్నుల లగేజీ పట్టే పెద్ద పెట్టె. పదిమందికి మూడున్నర టన్నులు! మా అత్తగారు పుట్టాల్సిన కాలం అది. ఇలాంటిది ఒకటి మన బరోడా మహారాజా గైక్వాడ్ గారు కూడా తెప్పించుకున్నారు. ఆయన లగేజీకి అది సరిపోయి ఉండదని నా అనుమానం.

వైకింగ్ అని ఇంకోటి ఉంది, వెల్లింగ్టన్ బాంబర్ వంశం. మొదటి విడత వాటికి రెక్కల మీద రేకు కాదు, బట్ట చుట్టారు. వైకింగ్‌లు మన దేశంలోనూ ఎగిరాయి. అమెరికావాళ్లేమో బీ-29 బాంబర్ రెక్కలు పట్టుకొచ్చి రెండంతస్తుల స్ట్రాటోక్రూజర్ కట్టారు, గుండ్రటి మెట్లు దిగితే కింద బార్. హిరోషిమా మీదికి వెళ్లిన జాతి విమానంలో విస్కీ సోడా. రష్యావాళ్లు తమ దగ్గర దిగిన బీ-29ల్ని విప్పి, చూసి, కాపీ కొట్టి, ఆ కాపీలోంచి టుపొలేవ్-70 అనే ప్రయాణికుల విమానం తీశారు. 1946లో ఎగిరింది. ఒక్కటే చేశారు, సర్వీసులోకి రాలేదు. పక్కవాడి పేపరు మొత్తం దింపినా పాస్ కాని కుర్రాడు మా క్లాసులోనూ ఉండేవాడు.

నిజానికి ఈ పద్ధతి యుద్ధంలోనే మొదలైంది. మస్కీటో అనే బాంబర్‌లో స్వీడన్ నుంచి బ్రిటన్‌కి ఒక్కో మనిషిని బాంబుల అరలోనే పడుకోబెట్టి తెచ్చేవారు. 1943లో అలా వచ్చినాయన నీల్స్ బోర్, పరమాణువు లోపలి సంగతులు చెప్పి నోబెల్ తెచ్చుకున్న పెద్దమనిషి. ఆయన తల పెద్దది, హెల్మెట్ సరిగ్గా పట్టలేదు, చెవుల దగ్గరి ఇయర్‌ఫోన్ చెవికి ఆనలేదు, "ఆక్సిజన్ పెట్టుకోండి" అని పైలట్ అన్నమాట వినబడలేదు. స్పృహ తప్పాడు. జవాబు రాకపోయేసరికి పైలట్ కిందికి దించి నడపబట్టి బతికాడు. కాబట్టి సీట్ బెల్ట్ గురించి ఎయిర్ హోస్టెస్ చేతులూపుతూ చెప్తున్నప్పుడు రీల్స్ చూసేవాళ్లు ఒక్కసారి ఆయన్ని తలుచుకోండి.

ఇదంతా చెప్పాక మా బావమరిది "అయితే ఆ డొక్కు విమానాలు మన వైపు రాలేదు కదా" అని ఊపిరి పీల్చుకున్నాడు. అక్కడే దొరికాడు. బేగంపేటలో మన డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటా రవాణా విమానాల మాట కాదు, అవీ యుద్ధం చూసినవే అయినా సామాన్లు మోసిన సాధువులు, ఈ కథలోకి రావు. లాంకాస్ట్రియన్లే వచ్చాయి. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియావాడు వాటిలో కరాచీ నుంచి నిజాం కోసం తుపాకులు నింపుకుని, రాత్రిపూట భారత్ మీదుగా దొంగచాటుగా ఎగిరి వచ్చి బీదర్‌లోనూ వరంగల్‌లోనూ దించిపోయేవాడు. బాంబులు దించి ప్రయాణికుల్ని ఎక్కించుకున్న విమానం, ప్రయాణికుల్ని దించి మళ్లీ తుపాకులు ఎక్కించుకుంది. పుట్టుబుద్ధి. సెప్టెంబర్‌లో పోలీస్ చర్యతో ఆ సర్వీసు రద్దయింది. తర్వాత లండన్ కోర్టు కాటన్‌కి 200 పౌండ్ల జరిమానా వేసింది.

మా బావమరిదిది హనుమకొండ. మామునూరులో విమానం ఎప్పుడు దిగుతుందా అని వాళ్ల నాన్నగారి కాలం నుంచి ఎదురుచూస్తున్న కుటుంబం. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అంటే బావా, అప్పట్లోనే వరంగల్‌కి ఇంటర్నేషనల్ ఫ్లైట్ ఉందా?"

"నైట్ సర్వీసు. లగేజీ లిమిట్ కూడా లేదు."